నాలుగు ఉదయాల ప్రయాణం: వేసవిలో శ్రీలంక పక్షులు

ఏప్రిల్ నెల వచ్చేసరికి పరీక్షలు ముగుస్తాయి. పుస్తకాలు అటకెక్కుతాయి. పక్షుల మీద మక్కువ ఉన్న విద్యార్థికి సరిగ్గా అప్పుడే ఒక చిక్కు ఎదురవుతుంది. శీతాకాలమంతా పులికాట్‌లోనూ, కొల్లేటిలోనూ గుంపులు గుంపులుగా కనిపించిన బాతులు, ఉల్లంకులు మొదలైన అతిథుల్లో చాలామటుకు ఉత్తర దిక్కుకు వెళ్లిపోయి ఉంటాయి. మనకు సెలవులు దొరికే వేళకు చెరువులు బోసిపోతాయి!

అటువంటప్పుడు ఓ నలుగురు విద్యార్థులు, వారి వెంట ఒక ఉపాధ్యాయుడు, వారం లోపల పొరుగు దేశానికి వెళ్లి పక్షుల్ని చూసి రావాలనుకున్నారనుకోండి. ఎక్కడికి వెళ్లాలి? ఏ వారంలో వెళ్లాలి? ముందు ఏ అడవి, తర్వాత ఏ కొండ? చెన్నై నుంచి విమానంలో గంటన్నర ప్రయాణమే గనుక శ్రీలంకను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం. డబ్బు కూడబెట్టుకుని చేసే ప్రయాణం ఇది. లెక్క ఒక్క నెల తప్పితే, వెతికిన పక్షి కాకుండా వాన మాత్రమే కనిపించవచ్చు.

సెలవులు మనవి, కాలం పక్షులది

శ్రీలంక కొండల్లో నువర ఎలియ అనే పట్టణం ఉంది. సముద్ర మట్టానికి సుమారు 1,870 మీటర్ల ఎత్తు. ఆ ఊరి నడిబొడ్డున ఉన్న విక్టోరియా పార్కు పక్షి ప్రేమికులలో ఎంతో ప్రసిద్ధి చెందింది. అక్కడి చెట్ల నీడలో కాశ్మీర్ ఫ్లైకాచర్, పైడ్ థ్రష్, మన పొన్నంగి పిట్ట కనిపిస్తాయని పుస్తకాలలో చదివి, మే నెలలో అక్కడికి పరుగెత్తారనుకోండి. మూడింటిలో ఒక్కటీ కనబడదు!

ఎందుకని? ఆ మూడూ అక్కడ శీతాకాలపు అతిథులు మాత్రమే. కాశ్మీర్ ఫ్లైకాచర్ వేసవిలో కాశ్మీర్ లోయ పరిసరాల్లో గూడు కడుతుంది. పైడ్ థ్రష్ హిమాలయాలకు పోతుంది. పొన్నంగి పిట్ట మధ్య, ఉత్తర భారతానికి చేరి తొలకరి వానలతో పాటు గూడు కట్టడం మొదలుపెడుతుంది. అంటే వాటి కోసం మనం విదేశానికి వెళ్లిన వేళకు అవి మన దేశంలోనే ఉంటాయన్నమాట.

కనుక ప్రయాణానికి మొదటి సూత్రం ఇది: ఒక చోట ఏయే పక్షులున్నాయని అడిగితే చాలదు, ఏ నెలలో ఉన్నాయని అడగాలి. క్షేత్ర మార్గదర్శి పుస్తకాల్లో ప్రతి పక్షి పేరు కింద అది స్థానికమా, వలస పక్షా అన్నది రాసి ఉంటుంది. బొమ్మలు చూసి మురిసిపోయే ముందు ఆ ఒక్క మాట చూసుకోవాలి. వేసవిలో వెళ్లేవారు వలస వచ్చే పక్షుల్ని జాబితా నుంచి కొట్టివేసి, ఏడాది పొడుగునా అక్కడే ఉండే పక్షుల్ని నమ్ముకోవాలి. ఈ విషయంలో శ్రీలంక మనల్ని నిరాశపరచదు. ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి జాతులు ముప్ఫైకి పైగా ఆ ద్వీపంలో ఉన్నాయి. వీటిని స్థానీయ జాతులు అంటారు. అవి ద్వీపం విడిచి పోవు. ఏ నెలలో వెళ్లినా అక్కడే ఉంటాయి.

ఇంత దగ్గరి ద్వీపంలో వేరే పక్షులా?

ధనుష్కోడికీ తలైమన్నారుకూ మధ్య సముద్రం వెడల్పు సుమారు 30 కిలోమీటర్లే. పైగా లోతు చాలా తక్కువ. మంచు యుగాలలో నీరు మంచుగడ్డలుగా ధ్రువాల వద్ద పేరుకున్నప్పుడు సముద్ర మట్టం వంద మీటర్లకు పైగా పడిపోయింది. అప్పుడు భారతదేశానికీ శ్రీలంకకూ నడుమ నేలదారి ఏర్పడింది. ఇలా చాలాసార్లు జరిగింది. అలాంటప్పుడు రెండు చోట్లా ఒకే రకం జీవులు ఉండాలి కదా?

జవాబు వానలో ఉంది. ద్వీపం నైరుతి భాగాన్ని తడి మండలం అంటారు. అక్కడ ఏటా 2,500 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. మిగిలిన ఉత్తర, తూర్పు భాగాలు పొడి మండలం. నేలదారి తేలినప్పుడు కూడా అది పొడి నేలలను కలిపిందే తప్ప, పశ్చిమ కనుమల తడి అడవిని శ్రీలంక తడి అడవితో కలపలేదు. పొడి పొదల్లో బ్రతికే జీవి ఆ దారిన సులువుగా దాటింది. ఎప్పుడూ చెమ్మగా ఉండే దట్టమైన నీడకు అలవాటు పడిన జీవికి మాత్రం ఆ పొడినేల సముద్రంతో సమానమైన అడ్డు. కప్పలు, మంచినీటి పీతలు, చేపలు, పాములు మొదలైనవాటి వంశవృక్షాలను జన్యు పరీక్షలతో పోల్చి చూసిన ఒక అధ్యయనం 2004లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. నేలదారులు ఉన్నప్పటికీ శ్రీలంక జీవులు చాలావరకు తమ దారిన తాము పరిణామం చెందాయని అది చూపింది.

ఇక్కడినుంచే మన ప్రయాణానికి రెండో సూత్రం వస్తుంది. పొడి మండలంలోని జాతీయ పార్కులకు వెళితే నెమళ్లు, పాలపిట్టలు, పసిరికలు కనిపిస్తాయి. చక్కని పక్షులే, కాని వాటిని రాయలసీమలో బస్సు కిటికీలోంచి కూడా చూడవచ్చు. ఏనుగుల్నీ చిరుతల్నీ చూడాలనుకునేవారు అటు వెళ్లాలి. మే, జూన్‌లలో కొంగలు, నీటికాకులు మొదలైనవి గుంపుగా గూళ్లు కట్టే దృశ్యం చూడాలనుకునేవారు ఆగ్నేయాన ఉన్న కుమనకు వెళ్లాలి. తక్కువ రోజుల్లో, మన దగ్గర లేని పక్షుల్ని చూడాలనుకునేవారు తడి మండలం దాటి పోనక్కరలేదు.

వాన లెక్క

తడి మండలమంటే వానతో పేచీ తప్పదు. శ్రీలంకకు ఏటా రెండు ఋతుపవనాలు. నైరుతి ఋతుపవనం మే నుంచి సెప్టెంబరు దాకా తడి మండలాన్ని ముంచెత్తుతుంది. ఈశాన్య ఋతుపవనం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తర, తూర్పు భాగాలకు వాన తెస్తుంది. ఈ రెంటి మధ్య వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో తరచుగా ఉదయం ఆకాశం తేటగా ఉండి, మధ్యాహ్నం దాటాక ఉరుములతో జల్లు పడుతుంది. పక్షుల్ని చూసేవారికి ఇది అనుకూలమైన ఏర్పాటే. వానపడే వేళ ప్రయాణానికీ, రాతపనికీ పనికొస్తుంది.

మే రెండో సగంలో ఈ ఏర్పాటు చెడిపోతుంది. నైరుతి మేఘాలు వచ్చాక రోజుల తరబడి ముసురు పట్టవచ్చు. 2017 మే చివరి వారంలో సింహరాజ అడవి ఉన్న రత్నపుర, దాని చుట్టుపక్కల జిల్లాల్లో వరదలు వచ్చి, కొండచరియలు విరిగిపడి రెండు వందల మందికి పైగా మరణించారు. కాబట్టి ఇది సరదా చెడే విషయం మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

ఇంకొక లెక్క ఉంది. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ సంవత్సరాది. ఆ వారంలో దుకాణాలు మూతపడతాయి, బస్సులు కిక్కిరిసిపోతాయి, నువర ఎలియలో గది దొరకడం కష్టం. మేలో వచ్చే వేసాక్ పౌర్ణమి కూడా పెద్ద పండుగే. ఇవన్నీ కలిపి చూస్తే మనకు మిగిలే సమయం ఏప్రిల్ మూడో వారం నుంచి మే రెండో వారం దాకా. ఇందులో వేసాక్ ఎప్పుడు పడుతుందో క్యాలెండర్ చూసుకుని తేదీలు ఖాయం చేసుకోవాలి.

రోజులు కాదు, ఉదయాలు లెక్కపెట్టండి

శ్రీలంక భూమధ్యరేఖకు చాలా దగ్గర. వేసవిలో ఐరోపాలో మాదిరిగా రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉండదు. ఆరింటికి తెల్లవారి, ఆరున్నర లోపల పొద్దు గుంకుతుంది. అడవి పక్షులు ఎక్కువగా తిరిగేది తెల్లవారింది మొదలు పది గంటల దాకా. ఎండ ముదిరాక చాలా పక్షులు నోరు మెదపవు. కనుక ఆరు రోజుల ప్రయాణం అంటే ఆరు రోజుల పక్షి పరిశీలన కాదు. వచ్చే రోజు, పోయే రోజు తీసేస్తే మిగిలేవి నాలుగు ఉదయాలు. పథకమంతా ఈ నాలుగింటి చుట్టూ అల్లుకోవాలి.

మొదటి రోజు కటునాయక విమానాశ్రయంలో దిగి, రత్నపుర, కలవాన మీదుగా సింహరాజ అంచున ఉన్న కుడవ గ్రామానికి చేరాలి. రెండో రోజు, మూడో రోజు ఉదయాలు సింహరాజకు. మూడో రోజు పది గంటలకు అడవినుంచి బయటకు వచ్చి కొండ దారి పడితే సాయంత్రానికి నువర ఎలియ చేరవచ్చు. నాలుగో ఉదయం హోర్టన్ ప్లెయిన్స్‌కు. ఐదో ఉదయాన్ని ఏ చోటుకీ కేటాయించకుండా ఖాళీగా ఉంచాలి. నాలుగింటిలో ఒకదాన్ని వాన మింగేస్తుందని ముందే అనుకోవడం మంచిది. వాన రాకపోతే ఆ ఉదయం నువర ఎలియ చుట్టుపక్కల అడవుల్లో తిరగవచ్చు. ఆ మధ్యాహ్నం కొలంబో వైపు దిగుతూ, దారిలోని కితుల్‌గలలో రాత్రి బస చేసి, ఆరో రోజు విమానం అందుకోవచ్చు.

ఇంకో నాలుగు చోట్లు కలిపితే బాగుండునని అందరికీ అనిపిస్తుంది. కాని కలిపిన ప్రతి చోటూ ఒక ఉదయాన్ని బస్సులో గడిచేలా చేస్తుంది. సింహరాజలో రెండు ఉదయాలు గడిపినవారు, నాలుగు పార్కులు చుట్టివచ్చినవారి కంటే ఎక్కువ కొత్త పక్షుల్ని చూస్తారు.

సింహరాజలో నడవడం కంటే వినడం ముఖ్యం

సింహరాజ సుమారు 8,860 హెక్టార్ల వర్షారణ్యం. 1972 నుంచి 1977 దాకా ఇక్కడ యంత్రాలతో కలప కొట్టారు. ప్రజలు, ప్రకృతి శాస్త్రజ్ఞులు గట్టిగా వ్యతిరేకించడంతో 1977లో అది ఆగింది. 1988లో ఈ అడవి ప్రపంచ వారసత్వ స్థలమైంది. కుడవ వైపునుంచి ఇప్పుడు మనం నడిచే కాలిబాటల్లో కొన్ని ఒకప్పుడు కలప లారీలు తిరిగిన దారులే!

ఈ అడవిలో మొదటి గంట చాలామందిని నిరుత్సాహపరుస్తుంది. చుట్టూ పచ్చదనమే తప్ప పిట్ట జాడ ఉండదు. ఉన్నట్టుండి ఒక కలకలం. పది నిమిషాల్లో పొదలు, కొమ్మలు, పై చిగుళ్లు అన్నిటా పక్షులే. మళ్లీ నిశ్శబ్దం. దీనినే మిశ్రమ జాతుల మంద అంటారు. ఆచార్య శరత్ కొటగమ, ఆయన సహచరులు 1981 నుంచి సింహరాజలో ఈ మందల్ని నమోదు చేస్తూ వచ్చారు. వందలాది మందల లెక్క ప్రకారం ఒక్కో మందలో సగటున నలభైకి పైగా పక్షులు, పదకొండు పన్నెండు జాతులు ఉంటాయి.

వేర్వేరు జాతులు ఎందుకు కలిసి తిరుగుతాయి? మంద నడుమ నారింజ రంగు ముక్కు గల ఒక రకం బాబ్లర్ పిట్టలు ఉంటాయి. ఇవి ఎప్పుడూ గుంపుగా, గోల చేస్తూ, ఆకులు కదిలిస్తూ సాగుతాయి. ఆ కదలికకు లేచిన పురుగుల్ని పట్టుకోవడానికి తలపై జుట్టు ఉన్న శ్రీలంక ఏట్రింత వెంట వస్తుంది. మన పొలాల్లో పశువుల వెంట ఏట్రింత తిరిగే కారణమే ఇక్కడా. డేగ వస్తే మొదట పసిగట్టి అరిచేది కూడా ఇదే. కాపలా ఉన్నచోట మిగిలిన పక్షులు నిశ్చింతగా మేయవచ్చు. ఈ ఏట్రింత ఇతర పక్షుల గొంతులను అనుకరిస్తుంది. ఆ అనుకరణ విని ఇతర జాతులు దగ్గరకు చేరతాయని 2006లో వెలువడిన ప్రయోగాలు తెలిపాయి.

ఈ సంగతి తెలిసిన విద్యార్థి ఒక్కొక్క పక్షి కోసం అడవంతా గాలించడు. బాబ్లర్ల గోల ఎటు వినిపిస్తుందో చెవి ఒగ్గి, అవి వచ్చే దారిలో కదలకుండా నిలబడతాడు. మంద దగ్గరకు వచ్చాక అందరూ ఒకే పక్షిని చూడకూడదు. ఒకరు నేలను, ఒకరు నడిమి కొమ్మలను, ఒకరు పై చిగుళ్లను పంచుకోవాలి. కోకిల కుటుంబానికి చెందిన ఎర్రమొహం మల్కోహా సాధారణంగా ఎత్తైన కొమ్మల్లో కదులుతుంది. కాకి కుటుంబానికి చెందిన నీలి మాగ్‌పై కూడా ఈ మందల్లో కనిపించవచ్చు. ఆకుపచ్చ ముక్కున్న స్థానీయ జెముడుకాకి మాత్రం మందకు దూరంగా, చిక్కటి వెదురు పొదల్లో దాగి ఉంటుంది. దానిని కళ్లకంటే ముందు చెవులతో వెతకాలి.

కొండ మీద వేరే జాబితా

ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. కుడవ కంటే హోర్టన్ ప్లెయిన్స్ సుమారు 1,600 మీటర్లు ఎక్కువ ఎత్తున ఉంది. అంటే పది డిగ్రీల తేడా. ఉన్ని చొక్కా తప్పదు. పక్షులూ మారిపోతాయి. పసుపు చెవుల బుల్బుల్, శ్రీలంక తెల్లకంటి పిట్ట, ముదురు నీలం ఫ్లైకాచర్, అడవి పావురం ఇక్కడివి. అన్నిటికంటే కష్టమైనది శ్రీలంక ఈల థ్రష్. తెల్లవారుతుండగా, ఆరెంగా అనే చిన్న మడుగు దగ్గర సన్నని ఈల వినిపిస్తుంది. ఎండ వచ్చేసరికి అది పొదల్లోకి జారుకుంటుంది. అందుకే గేటు తెరిచే సమయానికే అక్కడ ఉండాలి.

ఒక్కమాట ఆలోచించండి. వాతావరణం వేడెక్కితే పల్లపు పక్షులు పైకి జరగవచ్చు. శ్రీలంకలో అన్నిటికంటే ఎత్తైన శిఖరమే 2,524 మీటర్లు. ఇప్పటికే కొండకొనన ఉన్న ఈల థ్రష్ ఇంకెక్కడికి జరుగుతుంది?

చేతిలో ఏముండాలి?

బైనాక్యులర్స్ మీద 8×42 అనో, 10×25 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది. రెండోది ముందుభాగపు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటిదానితో భాగించండి. 42ను 8తో భాగిస్తే 5 కంటే కాస్త ఎక్కువ. 25ను 10తో భాగిస్తే 2.5. కంటి దగ్గర బయటికి వచ్చే కాంతి కిరణపుంజం వ్యాసం ఇదే. చీకటి అడవిలో మన కంటిపాప 5 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకుంటుంది. అప్పుడు 8×42లో బొమ్మ 10×25లో కంటే నాలుగు రెట్లకు పైగా కాంతివంతంగా కనిపిస్తుంది. జేబులో పట్టే చిన్న బైనాక్యులర్స్ వర్షారణ్యంలో ఎందుకు పనికిరావో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక గొడుగు లేదా రెయిన్‌కోటు, జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా వచ్చే మందపాటి మేజోళ్లు, తడవని సంచిలో నోటు పుస్తకం, పెన్సిలు. సింహరాజలో అటవీశాఖ నియమించిన మార్గదర్శి తోడుగా నడవాలి. ఆయన చెవికి తెలిసినన్ని కూతలు ఏ పుస్తకంలోనూ ఉండవు. పాస్‌పోర్టు, ప్రయాణ అనుమతి, ప్రవేశ రుసుముల నిబంధనలు తరచు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు ఆయా ప్రభుత్వ శాఖల ప్రకటనలు చూసుకోవాలి.

చూడడం కోసం చెడగొట్టవద్దు

1995లో కితుల్‌గల అడవిలో దీపాల్ వరకగొడ అనే పక్షి శాస్త్రజ్ఞుడు ఒక రాత్రి తనకు తెలియని కూత విన్నాడు. ఆ పక్షిని కళ్లారా చూడడానికి ఆయనకు 2001 దాకా పట్టింది, అదీ సింహరాజలో. అది శాస్త్రానికి తెలియని చిన్న గుడ్లగూబ. 2004లో దానికి సెరెండిబ్ స్కాప్స్ గుడ్లగూబ అనే పేరు వచ్చింది. శాస్త్రీయ నామంలో సింహరాజను కాపాడేందుకు పోరాడిన థిలో హాఫ్‌మన్ పేరు చేర్చారు. ఆరేళ్లు ఓపికపట్టిన మనిషి వల్ల తెలిసిన పక్షి అది.

ఇప్పుడు జేబులోని ఫోనులో ఆ కూత వినిపించి దానిని ఆరు నిమిషాల్లో రప్పించాలని మనకు అనిపించవచ్చు. అలా చేయకూడదు. కూత వినగానే మగపక్షి తన తావులోకి శత్రువు వచ్చాడనుకుంటుంది. మేత మాని, గూడు వదిలి వెతుకుతుంది. ఒకరు చేస్తే సరే, రోజూ వచ్చే ప్రతి జట్టూ అదే పని చేస్తే? పైగా అక్కడి చాలా పక్షులకు సంవత్సరపు మొదటి సగం గూడు కట్టే కాలం. మనం వెళ్లేది ఆ కాలంలోనే. కొద్దిపాటి అడవిలో, కొద్ది సంఖ్యలో మిగిలిన జాతులకు ఒక్క గూడు చెడినా నష్టమే. కనిపించకపోతే ‘విన్నాం, చూడలేదు’ అని నోటు పుస్తకంలో నిజం రాసుకుని రావడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

మొదలు ఇంటి దగ్గరే

ఈ ప్రయాణానికి తయారీ రెండు నెలల ముందు మన ఊళ్లోనే మొదలవ్వాలి. మన ఏట్రింత ఎలా ఎగురుతుందో, జెముడుకాకి గొంతు ఎలా ఉంటుందో, కొమ్మ చాటున కూర్చున్న కంసాలి పిట్ట ఏ తీరున కూస్తుందో బాగా తెలిసినవారికే అక్కడ వాటి చుట్టాలు సులువుగా దొరుకుతాయి. పదిహేను స్థానీయ పక్షుల్ని ఎంచుకుని, వాటి రంగు, ఆకారం, కూత, ఉండే చోటు ఒక కాగితం మీద రాసుకోండి. చాలు.

బయలుదేరే రోజు తెల్లవారుజామున ఇంటి పక్క తోటలో, ఎండుటాకుల మీద గెంతుతూ రంగురంగుల చిన్న పక్షి ఏదైనా కనిపిస్తుందేమో చూడండి. ఏప్రిల్, మే నెలల్లో పొన్నంగి పిట్ట ఉత్తరానికి పోతూ మన తోటల్లోనూ దిగుతుంది. నోటు పుస్తకంలో మొదటి పేరు దానిదే కావచ్చు.